వెల దాచిన సంతోషము



మీ యింటికి ఒక క్రొత్త వస్తువు వచ్చిన దినమును జ్ఞాపకము చేసికొనుడి. అది పాడిగేదె కావచ్చును, కుట్టుమిషను కావచ్చును, సైకిలు కావచ్చును. ఆ రాత్రి మీరు ఒకటి రెండు మారులు లేచి, దీపము వేసి, దానిని చూచి వచ్చి మరల పండుకొన్నారా లేదా? లేదని చెప్పిన యెడల నేను నమ్ముట కష్టము. క్రిస్మసు బట్టలను తలక్రింద పెట్టుకొని నిద్రించిన పిల్లవాడు మనలో ఎవరియందును పూర్తిగా చావలేదు.

ఆ సంతోషము ఎక్కడనుండి వచ్చుచున్నది? అది దేవుడు నరునికిచ్చిన మంచి యీవులలో ఒకటియా, లేక దురాశకు మనము పెట్టుకొనిన ముద్దుపేరా? ఈ ప్రశ్నను నేను గ్రంథములలో వెదకి తీయలేదు. గడచిన సంవత్సరము మా సంఘపు ఆవరణములో, వేపచెట్టు క్రింద, ఒక మోటారు సైకిలు దీనిని తెచ్చి నా యెదుట నిలిపినది. ఆ సంగతిలో నా తప్పిదము కూడ కలదు గనుక దానిని దాచక వ్రాయుచున్నాను.

మా గ్రామము విశాఖపట్టణమునకు పడమటి దిక్కున, సబ్బవరము వైపున ఉన్నది. మా తాతల కాలమున ఇచ్చట బండి యనగా రెండెడ్ల బండియే. 1933లో విశాఖ రేవు తెరువబడినది. ఉక్కు కర్మాగారము కొరకు 1966లో ఆంధ్రదేశమంతయు కదలినది. 1971 జనవరిలో ఇందిరాగాంధీగారు దానికి పునాదిరాయి వేసిరి. 1992లో అది జాతికి అంకితము చేయబడినది. దాని కొరకు కొందరు భూములు పోగొట్టుకొనిరి, కొందరు జీతములు సంపాదించుకొనిరి. కొన్ని రాత్రులలో ఆ కొలుముల వెలుగు మా దక్షిణపు ఆకాశమున ఎఱ్ఱగా కనబడును. మా యౌవనులలో సగము మంది తెల్లవారకముందే అటువైపు గాని రేవువైపు గాని బయలుదేరుదురు. నెలజీతము వచ్చిన చోటికి మోటారు సైకిలు వచ్చుట వింత కాదు.

అట్టి యౌవనుడు ఒకడు రేవులో సరుకులు దింపు ఒక కంపెనీలో క్రేను నడుపుచున్నాడు. అతని పేరు చెప్పను. తండ్రి చిన్నతనముననే పోయెను. తల్లి గంపనెత్తుకొని కూరగాయలమ్మి అతనిని చదివించినది. అతడు త్రాగడు, పేకాడడు. ఆదివారమున పాటలకు డోలకు వాయించును. ఒక ఆదివారము ఆరాధన ముగిసిన తరువాత అతడు నాయొద్దకు వచ్చి, “అయ్యగారూ, బండి కొన్నానండి. ఒక్కసారి ప్రార్థన చెయ్యాలండి” అనెను.

విశాఖలో క్రొత్త వాహనము కొన్న మన పొరుగువారు అనేకులు దానిని నేరుగా ఆశీలుమెట్టలోని సంపత్ వినాయకుని గుడికి తీసికొనిపోవుదురు. దానిని ఎగతాళి చేయుట నాకిష్టము లేదు. క్రొత్త వస్తువును మొట్టమొదట ఎవరికి చూపవలెనో వారు ఎరిగియున్నారు. మనవారు కాపరియొద్దకు తెచ్చెదరు. అయితే బండిపై చేయి వేసి మనము ఏమని ప్రార్థించుచున్నాము? ప్రమాదము రాకుండవలెనని మాత్రమేనా? ప్రమాదము కంటె ముందుగా రాదగిన కీడులు కొన్ని ఉన్నవి. వాటి సంగతి ఆ దినమున నాకు తోచలేదు.

నేను బయటికి వచ్చి చూడగా పిల్లలందరును దాని చుట్టు మూగియుండిరి. అది రాయల్ ఎన్‌ఫీల్డు వారి హిమాలయన్, 2023 చివర విడుదలైన రకము. 452 సీసీ యంత్రము, 17 లీటర్ల ట్యాంకు, ఇంచుమించు 200 కిలోల బరువు. దానికి అతడు అప్పుడే సామాను తొడుగుట మొదలుపెట్టియుండెను. ముందు పడిపోయినప్పుడు యంత్రమును కాపాడు కడ్డీలు, ప్రక్కన రెండు అదనపు దీపములు, చేతులకు గాలి తగులకుండ రెక్కలు, అడుగున రాళ్లు తగులకుండ లోహపు పలక. వెనుక ఇరువైపుల రెండు పెట్టెలు. పూర్వము పెరికె యెద్దులపై ఇరుప్రక్కల వ్రేలాడిన గోనెసంచులు ఎరిగినవారు వాటిని వెంటనే పోల్చుకొందురు.

“ఇది టూరింగ్ బండి అయ్యగారూ. లడాఖ్ దాకా వెళ్ళొచ్చు” అనెను.

ఆ మాటకు నాకు నవ్వు వచ్చినది. మన మిషను సంఘములలో ‘టూరు’ అనునది పాత మాట. గుడారము, వంటసామాను, పుస్తకములు ఎడ్లబండిపై వేసికొని, చలికాలమున ఊరూరు తిరుగుటకు ఆ పేరు. అంతకు ముందు 1805లో లండను మిషనరీ సొసైటీ పంపగా జార్జి క్రాన్, ఆగస్టస్ డెస్ గ్రాంజస్ అను ఇద్దరు విశాఖపట్టణమునకు వచ్చిరి. వారు మొదట సమకూర్చుకొనిన ప్రయాణ సామగ్రి తెలుగు భాషయే. దానిని నేర్చుకొనుటలోను, ఆనందరాయరు అను విశ్వాసి సహాయముతో సువార్తలను తెనిగించుటలోను వారి దినములు గడచిపోయెను. 1809లో క్రాన్, 1810లో డెస్ గ్రాంజస్ మరణించిరి. వారు సిద్ధపరచిన సువార్తలు మూడు 1812లో శ్రీరాంపురమున అచ్చుపడెను. వారు కన్నులార చూడలేదు. కాబట్టి సిద్ధపడుట వృథాయని ఎవరైనను అన్నయెడల నేనొప్పుకొనను.

ఆ యౌవనుని తల్లి ప్రక్కన నిలిచి, ట్యాంకుపై పడిన వేపపూతను తన కొంగుతో తుడుచుచుండెను. ఆమె ముఖము వెలుగుచుండెను. “లక్షన్నర అయ్యిందంటండి అయ్యగారూ. మా బాబు కష్టంతో కొన్నాడు” అని నాతో చెప్పెను. నేను ఆ యౌవనుని వైపు చూచితిని. అతడు నేల చూచెను. ఆ బండి రిజిస్ట్రేషను, ఇన్సూరెన్సులతో కలిపి మూడు లక్షలు దాటునని నేనెరుగుదును. పల్లెటూరి పాస్టరుకు ఆ ధర ఎట్లు తెలిసినదని మీరడుగుదురేమో. అది తరువాత చెప్పెదను. అప్పటికి ఏమియు అనక, చిన్న ప్రార్థన చేసి లోపలికి పోతిని. అది చల్లని ప్రార్థన. మాటలన్నియు సరిగానే ఉన్నవి గాని వేడి లేదు.

మరుసటి ఆదివారము నేను సొలొమోను గుఱ్ఱములను గూర్చి ప్రసంగించితిని. రాజు గుఱ్ఱములను విస్తారముగా సంపాదించుకొనకూడదని ధర్మశాస్త్రము ఆజ్ఞాపించుటయు, సొలొమోను వాటిని ఐగుప్తునుండి తెప్పించుటయు, ఒక్కొక్క రథమునకు 600 తులముల వెండియు ఒక్కొక్క గుఱ్ఱమునకు 150 తులములును చెల్లించుటయు వివరించితిని. అతనికి 1,400 రథములుండెనని చెప్పి, ఆగి, డోలకువైపు చూచితిని. సంఘమంతయు అటు చూచెను. ప్రసంగము మిక్కిలి చక్కగా వచ్చినది. ఒకరిని గాయపరచు ప్రసంగము అంత చక్కగా వచ్చినప్పుడే బోధకుడు తన్ను తాను అనుమానింపవలెను.

తరువాత మూడు ఆదివారములు డోలకు మూలనుండెను.

మూడవ ఆదివారము మధ్యాహ్నము భోజనమునొద్ద నా భార్య, “మీరు బుల్లెట్టు కొన్న సంవత్సరం ఎవరైనా సొలొమోను గుర్రాల మీద ప్రసంగం చేశారా?” అని అడిగెను. అన్నము గొంతులోనే నిలిచినది.

అది 1997వ సంవత్సరము. నేను సెమినరీ ముగించి వచ్చిన క్రొత్త రోజులు. నాకు ఆరు గ్రామముల సంఘములను అప్పగించిరి. ఊళ్లు తిరుగుటకని ఒక పాత బుల్లెట్టు కొంటిని. ఎన్‌ఫీల్డు బుల్లెట్లు 1955నుండి మద్రాసులో తయారగుచున్నవి. సరిహద్దులలో తిరుగుటకు మొదట సైన్యమే వాటిని కోరినది. నాది 350 సీసీ. గేర్లు కుడికాలికి, బ్రేకు ఎడమకాలికి ఉండెడివి. తట్టి లేపుటయే ఒక విద్య. చిన్న మీటను నొక్కి, ట్యాంకు ముందరి ముల్లు నడిమికి వచ్చువరకు కిక్కును మెల్లగా త్రొక్కి, అప్పుడు విడిచి, ఒక్క తన్ను తన్నవలెను. ముల్లు నడిమికి రాకముందు తన్నినవానికి మోకాలిపై దాని జ్ఞాపకము చాలదినములుండును. అది మొదటి తన్నుకే లేచిన ఉదయమున నేను పాడిన స్తుతిగీతములో కొంత భాగము యంత్రమునకే చెందినదని ఇప్పుడు ఒప్పుకొనుచున్నాను.

నేనును దానికి సామాను తొడిగితిని. గాజువాకలో ఒక వెల్డింగు షాపులో కూర్చుండి, ప్రభువు బల్ల సామాను పెట్టుకొనుటకు ఇనుప పెట్టె చేయించితిని. ఒక అంగుళము ఎక్కువైనదని విప్పించి మరల చేయించితిని. దానికి నల్లరంగు వేయించి, ఎండలో ఆరబెట్టించితిని. అదే వారములో మా ఆరు గ్రామములలో ఒకదానినుండి కబురు వచ్చెను: మంచముపట్టిన ఒక ముసలి విశ్వాసురాలు బల్లలో పాలు పుచ్చుకొనవలెనని కోరుచున్నది, అయ్యగారు రావలెను అని. సామాను గుడ్డలో మూటగట్టుకొని ఆ దినముననే సైకిలుపై పోవచ్చును. అయితే పెట్టెకు రంగు ఆరలేదు. క్రొత్త పెట్టెలో తీసికొనిపోవలెనని నాకు ఆశ. రెండు దినములు ఆగితిని. రంగు ఆరినది. నేను చేరినప్పుడు ఆ యింటి ముందర పందిరి వేయుచుండిరి.

ఆ బుల్లెట్టును 2011లో మా అమ్మాయి చదువు ఫీజు కొరకు అమ్మివేసితిని. ఇప్పుడు నాకున్నది గేర్లు లేని స్కూటరు. అయినను పట్టణమునకు పోయినప్పుడెల్ల, ఏదో పని యున్నట్లు నటించి, ఆ బండ్ల దుకాణపు అద్దము ముందర నడచుచుందును. ధరలన్నియు అట్లు తెలిసినవి. ఆ ఆదివారము వేపచెట్టు క్రింద నా హృదయమున లేచినది దేవుని విషయమైన రోషము కాదు. అది అసూయ. దానిపై లేఖనములను కప్పి సంఘము ఎదుటకు తెచ్చితిని. ఆ యౌవనుడు తల్లియొద్ద వెల దాచెను. నేను సంఘమునొద్ద నా మనస్సును దాచితిని. ఇద్దరిలో ఎవరి అబద్ధము పెద్దది? నాది ప్రసంగపీఠముపైనుండి చెప్పబడినది.

ప్రియులారా, క్రొత్త వస్తువును చూచి సంతోషించుట పాపమైన యెడల ధర్మశాస్త్రము మరియొక విధముగా ఉండెడిది. ద్వితీయోపదేశకాండము ఇరువదియవ అధ్యాయము తీసి చూడుడి. యుద్ధమునకు పోవు దినమున, క్రొత్త ఇల్లు కట్టి ఇంకను గృహప్రవేశము చేయనివాడు తిరిగి యింటికి పోవచ్చునట. క్రొత్తగా ద్రాక్షతోట వేసి ఇంకను దాని పండ్లు తిననివాడును పోవచ్చునట. సైన్యమునకు మనుష్యులు కావలసిన దినముననే దేవుడు ఆ చిన్న సంతోషమును లెక్కలోనికి తీసికొనెను. మన ప్రభువు యెరూషలేములో ప్రవేశింపగోరినప్పుడు అంతకు ముందు ఎవరును ఎక్కని గాడిదపిల్లను తెమ్మనెను. నేటి మాటలో చెప్పవలెనన్న, ఒక కిలోమీటరైనను తిరుగని బండి. దాని యజమానుని పేరు మనకు తెలియదు గాని వాడు దానిని ఎంత ముద్దుగా చూచుకొనుచుండెనో ఊహింపవచ్చును. ప్రభువు దానిని ఇమ్మనెను. వెంటనే తిరిగి పంపెదనని కూడ చెప్పి పంపెను. క్రొత్త వస్తువు ఇచ్చినవాని గుండె ఎట్లు కొట్టుకొనునో ఆయన ఎరుగును.

ప్రయాణ సామానును గూర్చియు లేఖనము ఒక్క మాటతో ముగించలేదు. శిష్యులను మొదట ఇద్దరిద్దరిగా పంపినప్పుడు ప్రభువు చేతికఱ్ఱ తప్ప ఏమియు వద్దనెను. రొట్టె వద్దు, జోలె వద్దు, రెండవ అంగీ వద్దు. శ్రమల రాత్రి వచ్చినప్పుడు అదే ప్రభువు, సంచియున్నవాడు సంచిని, జోలెయున్నవాడు జోలెను తీసికొనవలెననెను. మనకిష్టమైన ఒక్కదానినే పట్టుకొని రెండవదానిని విడిచిపెట్టుట సులభము. నేను సొలొమోను గుఱ్ఱములతో చేసిన పని అదియే. పౌలు చెరసాలలోనుండి వ్రాసిన చివరి పత్రికలో, త్రోయలో విడిచివచ్చిన అంగీని, పుస్తకములను, ముఖ్యముగా చర్మపు కాగితములను తెమ్మని తిమోతిని అడిగెను. మరణము గుమ్మమునొద్ద నిలిచియుండగా సామాను జాబితా! చలికాలము రాకముందే రమ్మని కూడ వ్రాసెను. ఆ జాబితాలోని ప్రతి వస్తువునకు ఒక పనియు, ప్రతి పనికి ఒక మనిషియు ఉన్నారు.

మరి చెడుగు ఎచ్చట ప్రవేశించును? సెమినరీలో గ్రీకు నేర్చుకొన్నప్పుడు ‘ప్లియోనెక్సియా’ అను మాటయొద్ద చాలసేపు ఆగితిమి. మన బైబిలులో దానిని లోభమని చెప్పుదురు. మూలములో దాని భావము ‘ఇంకను ఎక్కువ కలిగియుండుట’. బండికి సామాను తొడుగువాడు ఈ మాటను నిఘంటువు లేకయే ఎరుగును. కడ్డీలు వచ్చిన తరువాత దీపములు, దీపముల తరువాత పెట్టెలు, పెట్టెల తరువాత వాటిలోని సంచులు. వచ్చినది ఒక దినము సంతోషపెట్టును. రావలసినది వారమంతయు ఆడించును. అయినను ఆశ పెద్దదైనందుననే చెడునని నేననుకొనను. గేదెను కొన్నవాని సంతోషము చిన్నదా? ఇంటిలోనివారికి వెల చెప్పుకొనలేని నాడు, దానిని కొన్న పని ఆగిపోయి దానిని అలంకరించుటయే పనియైన నాడు, అది చెడుచున్నది. రెండును నాకు తెలిసినవే. రంగు ఆరని పెట్టె నాది.

ఆ సాయంకాలము నేను ఆ యౌవనుని యింటికి పోతిని. తల్లి సంతకు పోయియుండెను. బండి వసారాలో నిలిచియుండెను. అతడు లేచి కుర్చీ వేసి, మాటలాడక నిలిచెను. నేను ముందుగా నా సంగతి చెప్పితిని: బుల్లెట్టును, రంగును, ఆ ముసలమ్మను, దుకాణపు అద్దమును. “బాబూ, ఆ రోజు నీ మీద ప్రసంగం చేసింది నా అసూయ. నన్ను క్షమించు” అంటిని. అతడు చాలసేపు నా చెప్పులవైపు చూచి, ఆ మీదట తేనీరు తెచ్చుటకు లోపలికి పోయెను.

తరువాత అతడే మాటలాడెను. ముందు కట్టిన సొమ్ములో తల్లి చీటీ పాడిన 40,000 రూపాయలున్నవి. బండి లక్షన్నర యనుకొని, అందులో పావు వంతుకు మించి తానిచ్చితినని ఆమె సంతోషించుచున్నది. మిగిలినది అప్పు, నెలకు 9,000 చొప్పున 36 నెలలు. “అమ్మ భయపడుతుందని చెప్పలేదండి. నా డబ్బే కదండి. ఎవరికి అన్యాయం చేశానండి?” అని అడిగెను.

ఈ ప్రశ్న మీ యిండ్లలో కూడ వచ్చును గనుక దీనియొద్ద కొంచెము ఆగుదము. అతడు చెప్పినదానిలో బలము లేకపోలేదు. అతని కష్టార్జితము అతనిదే. తల్లి అనుమతి లేనిదే ఎదిగిన కుమారుడు ఏమియు కొనరాదని నేను చెప్పను. అయితే తల్లి భయము ఊరకయే పుట్టినది కాదు. 2022లో మన దేశమున రోడ్డు ప్రమాదములలో 1,68,491 మంది చనిపోయిరని ప్రభుత్వమే ప్రకటించినది. వారిలో నూటికి నలువది నలుగురికి పైగా రెండు చక్రముల వాహనములపై పోయినవారు. రేవునుండి రాత్రి డ్యూటీ దిగి లారీల మధ్య ఇంటికి వచ్చు కుమారుని కొరకు మేలుకొనియుండు తల్లికి ఈ లెక్క చెప్పనక్కరలేదు. భయపడు హక్కు ఆమెకున్నది. వెలను దాచి అతడు ఆమె భయమును తొలగించలేదు. ఆమె భయమును ఆమె మోయునట్లు కాక, తానొక్కడే మోయునట్లు చేసికొనెను. దానితోపాటు సంతోషమును కూడ సగము చేసికొనెను. ఆమె కొంగుతో తుడిచినది లక్షన్నర బండిని. అతని బండిని ఆమె ఇంకను చూడనే లేదు.

ఇది ఎట్లు చెప్పవలెనా యని నేను తలంచుచుండగా, వసారా మూలన, కొబ్బరిడొక్కల ప్రక్కన, ఒక ఇనుప జాలి కనబడెను. క్రొత్తది; రంగు చెక్కుచెదరలేదు. “అదేమిటి బాబూ?” అంటిని.

“చీర గార్డండి. పెట్టెలు బిగించడానికి అడ్డొచ్చిందని తీసేశానండి” అనెను.

చదువరులలో బండ్లు లేనివారికి చెప్పుచున్నాను. మన దేశమున మోటారు సైకిలు వెనుక చక్రమునకు ఒక అడ్డు ఉండవలెనని 1989 నాటి కేంద్ర మోటారు వాహనముల నియమములు చెప్పుచున్నవి. వెనుక కూర్చున్న స్త్రీ చీరచెరగు చక్రములో చిక్కుకొనకుండ కాపాడునది అదే. పెట్టెలు బిగించువారు అనేకులు మొదట విప్పునది దానినే. లడాఖుకు పోవువానికి చీర లేదు గదా!

“మీ అమ్మను ఎక్కడికైనా తీసుకెళ్లావా దీని మీద?” అని అడిగితిని.

అతడు తల అడ్డముగా ఊపెను. ఆమెకు ఒక్క అక్క. చోడవరము దగ్గర ఉన్నది. మోకాళ్ల నొప్పులతో బస్సెక్కలేక ఇద్దరును ఒకరినొకరు చూచుకొని రెండేండ్లయినది. చోడవరము మాకు గంట ప్రయాణము కూడ కాదు. బండి మీటరు అప్పటికి 1,100 కిలోమీటర్లు చూపుచుండెను. బీచి రోడ్డునుండి భీమిలి వరకు మూడు మారులు, అరకు ఒకమారు.

నేను మరి యేమియు చెప్పలేదు. చెప్పుటకు నాకును నోరు లేదు. ఆ జాలి ప్రక్కన నాకు నా నల్లరంగు పెట్టె కనబడుచుండెను. అతడు కూడ దానివైపు చూచుచు కూర్చుండెను. అంతలో తల్లి ఖాళీ గంపతో వచ్చి, నన్ను చూచి, “అయ్యగారొచ్చారా! టీ ఇచ్చాడా లేదా?” అని లోపలికి పోబోయెను. అతడు లేచి, “అమ్మా, కూకో” అనెను.

ఉన్నది ఉన్నట్లు చెప్పెను. మూడు లక్షల ముప్పది వేలు. ముప్పదియారు నెలలు. ఆమె గంపను నేలపై పెట్టి, వ్రేళ్ల కణుపులపై ఏదో లెక్కించుకొనెను. ఆమె ఏడ్చునని నేననుకొంటిని, లేక తిట్టునని. ఆమె రెండును చేసినది, కొంచెము కొంచెముగా. లడాఖు యెంత దూరమని అడిగెను. అతడు చెప్పగా నోటిపై చేయి వేసికొనెను. చాలసేపటికి బండి దగ్గరకు పోయి, సీటుపై అరచేయి ఆనించి, “ఇంత ఎత్తుంది. నేనెక్కగలనా?” అనెను.

తరువాతి శనివారమున అతడు ఎడమవైపు పెట్టెను విప్పి, చీర గార్డును తిరిగి బిగించెను. కుడివైపు పెట్టె అట్లే యున్నది. ఐఎస్ఐ గుర్తుగల రెండవ హెల్మెట్టు కొనెను. ముడిమీద అది కూర్చుండదని ఆమె గొణిగి, ముడిని క్రిందికి వేసికొనుట నేర్చుకొనినది. ఎక్కుటకు వసారా మెట్టు సరిపోయెను. ఇద్దరును చోడవరము పోయి వచ్చిరి. అక్కచెల్లెండ్రు ఇద్దరును ఏమి మాటలాడుకొనిరో నాకు తెలియదు గాని, ఆమె తిరిగి వచ్చునప్పుడు ఆ కుడి పెట్టెనిండ బెల్లపు దిమ్మలున్నవి. చోడవరము చెఱకు దేశము గదా. విప్పిన ఎడమ పెట్టెలో ఆమె ఇప్పుడు ఉల్లిపాయలు దాచుకొనుచున్నది. లడాఖు మాట అతడు విడిచిపెట్టలేదు. వాయిదాలు సగమైన తరువాత పోయెదనని తల్లితోనే చెప్పియున్నాడు. ఆమె సరే యనలేదు, వద్దనలేదు.

డోలకు తిరిగి వచ్చిన ఆదివారమున సంఘము ఎదుట నేను నా ప్రసంగమును గూర్చి క్షమాపణ వేడుకొంటిని. ఆరాధన తరువాత వేపచెట్టు క్రింద, తల్లియు కుమారుడును చెరియొక ప్రక్క నిలువగా, ఆ బండిపై రెండవమారు చేయి వేసి ప్రార్థన చేసితిని. ఈ మారు ప్రమాదములను గూర్చి అడిగితిని, వాయిదాలను గూర్చియు అడిగితిని, దాని వెనుక సీటు ఖాళీగా తిరుగకుండునట్లు అడిగితిని.

ప్రార్థన అయిన తరువాత నేనొక మనవి చేసితిని. కల్లము వరకు ఒక్కమారు నడుపుటకు ఇమ్మంటిని. అతడు నవ్వి తాళము చేతికిచ్చెను. ముల్లును నడిమికి తెచ్చుటలు, తన్నుటలు ఇప్పుడు లేవు. ఒక్క మీట నొక్కగానే లేచినది. నా భార్య గుడి మెట్లపై నిలిచి చూచుచుండెను. మెల్లగా కదలి, రెండవ గేరు వేయవలెనని పాత అలవాటు చొప్పున కుడికాలితో గట్టిగా త్రొక్కితిని. క్రొత్త బండ్లలో ఆ ప్రక్కనున్నది బ్రేకు. బండి కొయ్యయై నిలిచిపోయెను, నేను ట్యాంకుమీదికి జారితిని, పిల్లలందరును ఘొల్లున నవ్విరి.